రెండు వేలలో వేట సరదా తీరుతుందా?

లంక_కుర్రాడు
మాది రావులపాలెం పక్కన గోదావరి లంక ఊరు. ఎరువుల కొట్లో లెక్కలు రాస్తాను, జీతం 18 వేలు, ఇద్దరు పిల్లలు. ఆదివారం ఒక్కటే నాది. చిన్నప్పుడు మా తాత వెనక తెల్లవారకముందే లంకలోకి పోయేవాణ్ణి. ఆయన దగ్గర పాత తుపాకీ ఒకటి ఉండేది, పరజలు, అంటే అడవి బాతుల్ని, కొట్టేవాడు. తడిసిన పిట్టల్ని గోనెసంచిలో మోయడం నా పని. ఆ మంచు, ఆ బురద వాసన, మాటల్లేకుండా చేతి సైగలతో నడవడం ముప్ఫై ఏళ్లయినా మర్చిపోలేకపోతున్నా. ఇప్పుడు ఫ్రెండొకడు సెకండ్ హ్యాండ్ ఎయిర్‌గన్ మూడున్నర వేలకి ఇప్పిస్తానంటున్నాడు. లైసెన్సు అక్కర్లేదట. నేను పక్కన పెట్టింది రెండు వేలే. ఇంతకన్నా తక్కువలో దొరుకుతుందా? మనవైపు ఎవరైనా ఇలా సరదాకి వేటాడుతున్నారా? మా ఆవిడకి ఇంకా చెప్పలేదు, ముందు మీకే చెప్తున్నా.

ఆయ్_బాబాయ్
మా పాలకొల్లులో వేట అంటే మటనే, ఆదివారం పొద్దున్నే లైన్లో నుంచుని తెచ్చుకునేదే. ఒక్క కిలో తెస్తే నీ రెండు వేలలో సగం అయిపోద్ది, ఆయ్.

డ్యూటీ_దిగాక
లైసెన్సు అక్కర్లేదన్న మాట సగమే నిజం. 2016 ఆయుధాల నిబంధనల్లో తక్కువ శక్తి ఎయిర్‌గన్‌లకి మినహాయింపు ఉంది, అది డబ్బాల మీద గురి చూసుకోవడానికి. పిట్ట మీద పేల్చిన మరుక్షణం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వస్తుంది. 2022 సవరణ తర్వాత మామూలు కేసుకే మూడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా. ఆ చట్టం మొదటి షెడ్యూల్లో, అంటే ఎక్కువ రక్షణ ఉన్న జాబితాలో ఉన్న జీవి అయితే కనీసం మూడేళ్లు. నేను కోర్టు గుమాస్తాని, ఫైళ్లు మోసేది నేనే కాబట్టి చెప్తున్నా. ఇంకో మాట, ఏమీ అనుకోకు. ముప్ఫై ఏళ్ల క్రితం మీ తాత చేసిందీ నేరమే. అడిగేవాడు లేడంతే.

లంక_కుర్రాడు
తాత సంగతి తెలిసినా గట్టిగా అంటే కొంచెం గుచ్చుకుంది. సరే, ఎయిర్‌గన్ కేన్సిల్. మరి ఇంకేం చెయ్యను? ఆదివారం పొద్దున్నే టీవీ ముందు కూర్చోనా?

రిటైర్డ్_మాస్టారు
నా వేట బైనాక్యులర్‌తో. చలికాలంలో కైకలూరు దగ్గర ఆటపాక వెళ్లి గూడబాతుల్ని (పెలికాన్లు) చూసి రా. కొల్లేరు 1999లో అభయారణ్యమైంది, 2002లో రామ్‌సర్ అనే అంతర్జాతీయ చిత్తడి నేలల జాబితాలో చేరింది. మీ తాతగారు కొట్టిన పరజలు ఇప్పటికీ వస్తున్నాయి. బస్సు చార్జీలూ మధ్యాహ్నం భోజనమూ, అంతే ఖర్చు.

ఆయ్_బాబాయ్
మాస్టారూ, వేట అన్నాక ఇంటికి ఏదో ఒకటి పట్టుకెళ్లాలి కదండీ. పాత బైనాక్యులర్ పులుసు పెట్టలేం.

జీలుగుబెండు
ఎవరూ అసలు మాట అనడం లేదు. మనవైపు ఫలానావాడు వేటకెళ్లాడంటే ఎక్కడికెళ్లాడు? చేపలకే కదా! గాలం పట్టు తమ్ముడూ. నువ్వు చెప్పిన మంచూ బురదా మాటల్లేకపోవడమూ అన్నీ అక్కడున్నాయి. రెండు వేలు కాదు, రెండు వందలు చాలు.

కర్ర పది పన్నెండడుగుల సన్న వెదురు తీసుకో. పచ్చిది నరికి అలాగే వాడితే వారంలో విల్లులా వంగిపోతుంది. కొన పైకి కట్టి, మొదట్లో ఇటుక వేలాడేసి, వసారాలో నీడన మూడు వారాలు ఆరనివ్వు. దారం కర్ర కన్నా మూరెడు తక్కువుండాలి. ఎక్కువైతే చేప నీ చేతికి రాదు, వెనక తుమ్మకొమ్మకి పోతుంది. గాలాలు చిన్నవి నాలుగు, మధ్యరకం నాలుగు. సీసం గుళ్లు పంటితో నొక్కకు, మా నాన్న అలాగే నొక్కేవాడు కానీ అది విషం. పటకారు వాడు.

అసలు విద్య బెండులో, అంటే దారానికి కట్టి నీళ్ల మీద తేలేసే ముక్కలో ఉంది. నా పేరే అది కదా. జీలుగు బెండు దొరికితే సరే, లేకపోతే పాత హవాయి చెప్పు ముక్క కోసుకో. బక్కెట్లో నీళ్లు పోసి, సీసం ఒక్కో గుండూ కలుపుతూ వేసి చూడు. బెండు ముప్పావు మునిగి వేలి గోరంత పైకి కనిపిస్తే అది తూకం. సగం మంది బెండు బాతులా తేలుతుంటే అలాగే వేస్తారు, కింద చేప ఎర తినేసి మూతి తుడుచుకుని పోయినా తెలియదు.

తర్వాత బెండు చెప్పేది వినాలి. చేదుపరిగె అయితే కోడి గింజలు పొడిచినట్టు టకటకా కొడుతుంది. జెల్లకి మొహమాటం లేదు, బెండుని పక్కకి ఈడ్చుకుపోతుంది. మోసు అడుగున మేస్తుంది, అది ఎర ఎత్తగానే సీసం బరువు తగ్గి బెండు పైకి లేచి పడుకుంటుంది. పడుకుంది కదా అని చూస్తూ కూర్చోకు, లాగాల్సింది అప్పుడే. కొర్రమీను మటుకు చెప్పి రాదు.

రీలు_రాజా
ఏ కాలంలో ఉన్నారండీ. ఆన్‌లైన్‌లో రాడ్డూ రీలూ కలిపి పదిహేను వందలకి వస్తున్నాయి. వెదురు కర్రతో దగ్గర్లోనే అందుతుంది, రీలుంటే కాలవ అవతలి గట్టు దాకా వెయ్యొచ్చు. రబ్బరు కప్ప కట్టి నీళ్ల మీది తూటికాడ మొక్కల మీద లాక్కుంటూ వస్తే కొర్రమీను ఎగిరి పట్టుకుంటుంది. ఆ దెబ్బ ఒక్కసారి చూస్తే కర్ర ముట్టుకోవు.

జీలుగుబెండు
చేప మన గట్టు కిందే ఉంటే అవతలి గట్టుకి వేసి ఏం లాభం రాజా? పదిహేను వందల రీలు ఎన్నాళ్లు తిరుగుతుందో కూడా చెప్పు.

రీలు_రాజా
మొదటిది ఆరు నెలలు. ఇసకపడి గేరు పట్టేసింది. రెండోది బానే ఉంది.

డ్యూటీ_దిగాక
అంటే మూడు వేలు. ఎయిర్‌గన్ రేటు దగ్గరికి వచ్చేశాం.

ఆయ్_బాబాయ్
పుస్తెలమ్మి పులస తినమన్నారు పెద్దలు. పుస్తెలమ్మి రీలు కొనమన్నది ఎవరు?

లంక_కుర్రాడు
పులస అంటే గుర్తొచ్చింది. గాలానికి పులస పడుతుందా? పడితే మా ఆవిడ దగ్గర ఈ హాబీ పాసైపోతుంది.

ఉప్పునీటి_మనిషి
పడదు. పులస నీళ్లలో ఉండే కంటికి కనపడని నాచునీ పురుగునీ వడకట్టుకు తింటుంది, నీ ఎర్ర (వానపాము) దానికి పట్టదు. వరద రోజుల్లో సముద్రం నుంచి గోదావరికి ఎదురీదుతూ వస్తుంది, దాన్ని పట్టేది వలతోనే. నువ్వు ఆశ పడాల్సింది పండుగప్ప మీద. మా ఓడలరేవు వైపు రా. ఉప్పునీళ్లలో రోజంతా కూర్చోనక్కర్లేదు, పోటు తిరిగే ముందు గంట, తిరిగాక గంట చాలు. అమావాస్యకీ పున్నమికీ నీరు పరుగెడుతుంది, సీసం నిలవదు. అష్టమి రోజుల్లో నెమ్మదిగా ఉంటుంది, కొత్తవాడికి అదే మేలు. ఎరకి బతికున్న రొయ్య. నీరు తిరిగేటప్పుడు రెండు నిమిషాలు ఏరంతా ఊపిరి బిగబట్టినట్టు ఆగిపోతుంది, చెత్త కూడా కదలదు. అప్పుడు కర్ర వదలకు.

గోదారి_గట్టు
ఇప్పుడు వేట నిషేధం కదా? ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా. గాలం వేస్తే పట్టుకుంటారా?

ఉప్పునీటి_మనిషి
అది సముద్రంలో మరబోట్లకి, ఇంజిను పడవలకి. గట్టు మీద కూర్చున్న గాలం జోలికి రారు. అయితే కోరంగి మడ అడవుల్లోకి మాత్రం గాలం పట్టుకుని దూరకండి, అది అభయారణ్యం. అక్కడ మనకన్నా పెద్ద వేటగత్తె ఉంది, నీటిపిల్లి.

చెరువు_కౌలుదారు
నా మాట కూడా వినండి. భీమవరం దగ్గర నాలుగెకరాల చేపల చెరువు కౌలుకి చేస్తున్నా. ఎకరానికి కౌలు, మేత, కరెంటు, అన్నీ అప్పే. రాత్రి పదింటికి ఒకడు గట్టు మీద గాలం వేసి కూర్చుని "సరదాకండీ" అంటాడు. వాడి సరదా నా శీలావతి చేప. పంచాయతీ చెరువైనా ఎవరో ఒకరు వేలంలో పాట పాడుకునే ఉంటారు. పాట పాడినవాణ్ణి అడగండి, పగలు వచ్చి అడిగితే చాలామంది కాదనరు. నేనే ఒకాయనకి ఆదివారాలు ఒప్పుకున్నా. ఆయన చైనా గొరకలు (తిలాపియా చేపలు) పట్టుకుపోతాడు, అవి నా మేత తినేసేవే, నాకూ లాభమే.

లంక_కుర్రాడు
అన్నా, నేను కాలవ గట్టునే కూర్చుంటాను, మీ చెరువు జోలికి రాను. కానీ కాలవలకి నీళ్లు కట్టేశారు కదా ఇప్పుడు. అడుగున బురదా బీరు సీసాలూ తప్ప ఏం లేదు.

జీలుగుబెండు
అందుకే ఇప్పుడే మొదలుపెట్టమంటున్నా. కర్ర ఆరడానికి మూడు వారాలు, ఈలోగా జూన్‌లో నీళ్లు వదులుతారు. కాలవ కట్టేసినప్పుడు లాకుల కింద మడుగుల్లో చేప గుంపు కట్టి ఉంటుంది, కొత్త నీరు రాగానే ఆకలితో బయటికొస్తుంది. మొదటి పది రోజులు కొత్తవాడికి కూడా పడుతుంది. కాటన్ దొర 1852కి ఆనకట్ట పూర్తి చేసింది వరికోసమే కానీ మా గాలపువాళ్లం కూడా ఆయనకి దణ్ణం పెట్టుకుంటాం.

తోట_తమ్ముడు
ఇంత కష్టం ఎందుకు, ఇన్వర్టరు బ్యాటరీ రెండు వైర్లు నీళ్లలో పెడితే గంటలో బస్తాడు.

జీలుగుబెండు
పిల్ల చేపతో సహా చస్తుంది, ఒక్కోసారి పెట్టినవాడు కూడా. ఇది వేట కాదు.

డ్యూటీ_దిగాక
నీళ్లలో మందు కలపడం, తోటాలు పేల్చడం 1897 మత్స్య చట్టం నుంచే నేరం. కరెంటు సంగతి మా ఫైళ్లలో వేరే చోట వస్తుంది, శవ పంచనామా కట్టలో.

తోట_తమ్ముడు
ఊరికే అన్నానండీ బాబూ.

అమలాపురం_కోడలు
మగాళ్లందరూ కర్ర గురించీ దారం గురించీ మాట్లాడుతున్నారు. చేప ఇంటికొచ్చాక ఎవరు తోముతారో ఒక్కరూ చెప్పలేదు. మా ఆయన ఆదివారం మధ్యాహ్నం రెండింటికి వచ్చి, వేలెడు చేదుపరిగెలు ఓ ముప్ఫై సింకులో పోసి, "అలిసిపోయానే" అని పడుకుంటాడు. ఒక్కో దానికీ పొలుసు తియ్యాలి, పొట్ట చీల్చాలి, చేదు సంచి పగలకుండా తియ్యాలి. సాయంత్రం ఆరవుతుంది. కొర్రమీను అయితే ఇంకా నయం, బూడిదా రాళ్లుప్పూ వేసి గరుకు రాతి మీద రుద్దితే జిగురు పోతుంది. లంక కుర్రాడు గారూ, రెండు వేలలో కొంత మిగిలితే మంచి కత్తిపీట కొని మీ ఆవిడకి కాదు, మీరే దాని ముందు కూర్చోండి.

ఆయ్_బాబాయ్
అక్క దెబ్బకి గట్టు ఖాళీ.

రీలు_రాజా
అందుకే చిన్నవి వదిలెయ్యాలంటాను నేను. అరచెయ్యి కన్నా చిన్నది మళ్లీ నీళ్లలోకే.

గోదారి_గట్టు
ఎర సంగతి తేల్చండి. ఎర్రలా, పిండా?

జీలుగుబెండు
జెల్లకీ ఇంగిలాయికీ మట్టగిడసకీ ఎర్ర. మీ రావులపాలెంలో కొదవేముంది, కుళ్లిన అరటి బొంద పక్కకి దొర్లిస్తే గుప్పెడు దొరుకుతాయి. బొచ్చెకీ శీలావతికీ పిండి. తవుడు, వేరుశెనగ చెక్క, నిలవడానికి కొంచెం మైదా.

గోదారి_గట్టు
మా మావయ్య పిండిలో ఇంగువ కలుపుతాడు. అదే రహస్యమంటాడు.

అమలాపురం_కోడలు
ఓహో. మా పోపుడబ్బాలో ఇంగువ ఎక్కడికి పోతోందో ఇవాళ తెలిసింది.

రిటైర్డ్_మాస్టారు
వరద జాగ్రత్త కూడా చెప్పండి నాయనా. లంకలోవాడు కాబట్టి అతనికి తెలిసే ఉంటుంది, చదివేవాళ్లందరికీ తెలియదు. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మొదటి హెచ్చరిక వచ్చిందంటే ఏటి ఒడ్డున గాలం సర్దెయ్యాలి. ఎర్రనీళ్లలో గట్టు కింద నుంచి కోసేస్తుంది, పైకి బాగానే కనిపిస్తుంది.

లంక_కుర్రాడు
నెల తర్వాత వస్తున్నా. లెక్క ముందు చెప్తా, నా వృత్తి కదా. కర్ర వెదురు డిపోలో 80, దారం 60, గాలాలు 40, సీసం 20, బెండు మా చిన్నదాని పాత చెప్పు, ఉచితం. మొత్తం 200. జీలుగుబెండు అన్న చెప్పినట్టే ఇటుక కట్టి వేలాడదీశా. మా ఆవిడ మూడు వారాలు దాన్ని తప్పించుకుంటూ నడిచింది, ఏంటని అడగలేదు. అడగకపోవడమే నాకు టెన్షన్.

కాలవకి నీళ్లొచ్చిన రెండో ఆదివారం వెళ్లా. పొద్దున్న ఐదున్నర. మొదటి గంట చేదుపరిగెలు ఎర్రలన్నీ తినేశాయి, ఒక్కటీ పడలేదు. తర్వాత బెండు మెల్లగా పక్కకి జరిగింది. జెల్ల అనుకుని లాగా. అరచేతి పొడవు, నల్లగా, మీసాలతో. జెల్ల కాదు, ఇంగిలాయి. గాలం తీయబోతే బొటనవేలి మొదట్లో పొడిచింది. కళ్లలో నీళ్లు తిరిగాయి, మోచెయ్యి దాకా లాగేసింది. ఊళ్లో డాక్టరు దగ్గర ఇంజెక్షనూ మాత్రలూ 350. వేట ఖర్చు 200, వైద్యం ఖర్చు 350.

ఆయ్_బాబాయ్
మొదటి రోజు ఎవరు ఎవర్ని వేటాడారో తెలుస్తూనే ఉంది.

ఉప్పునీటి_మనిషి
ఈసారి పొడిస్తే ముందు వేడినీళ్లు. చర్మం కాలకుండా ఓర్చుకోగలిగినంత వేడి, అరగంట పైన అందులోనే ఉంచు. ఆ విషం వేడికి తగ్గుతుంది, నొప్పి దిగుతుంది. వాపు పెరిగితే అప్పుడు డాక్టరు. తీసేటప్పుడు రెండు పక్కల ముళ్ల వెనక నుంచి తడిగుడ్డతో పట్టుకోవాలి. మా వాళ్లయితే దారం కోసేసి గాలంతో సహా బుట్టలో వేస్తారు, గాలం ఖరీదు నాలుగు రూపాయలే కదా.

అమలాపురం_కోడలు
మీ ఆవిడ ఏమన్నారు?

లంక_కుర్రాడు
"ముల్లున్న చేప తెచ్చావు, మరి పులుసు పెట్టనా వద్దా" అంది. నేనే తోమా అక్కా, ఎడం చేత్తో.

రీలు_రాజా
కొర్రమీను కోసం వెళ్లలేదా ఇంకా?

లంక_కుర్రాడు
వెళ్లా అన్నా, మూడో ఆదివారం. పంట బోదె కాలవలో కలిసే చోట తూడు మధ్యలో నీళ్లు మసులుతున్నట్టు కనిపించింది. వంగి చూస్తే ఎర్రటి పిల్లలు, వందల్లో. అగ్గిపుల్ల తలంత ఒక్కోటి. అన్నీ ఒకేసారి పైకొచ్చి గాలి తీసుకుని ఒకేసారి కిందికి పోతున్నాయి. జానెడు కింద నల్లటి నీడ ఒకటి కదలకుండా ఉంది. తల్లో తండ్రో. నా చేతిలో గాలం రెడీగా ఉంది, దానికి రెండడుగుల దూరంలో. కర్ర నీడ పడగానే అది పారిపోలేదు, పిల్లలకీ నాకూ మధ్యలోకి వచ్చింది.

జీలుగుబెండు
వేశావా?

లంక_కుర్రాడు
లేదు. అరగంట కూర్చుని చూసి, ఇవతలికి వచ్చి చైనా గొరకలు పట్టుకున్నా. ఏడు.

జీలుగుబెండు
మంచిపని. పిల్లల మీద ఉన్న కొర్రమీను ఏది కదిలినా కొడుతుంది, పట్టడం చాలా తేలిక. ఆ తేలిక చూసే చాలామంది అప్పుడే పడతారు. కాపలా ఉన్న చేప పోతే ఆ గుంపుని సాయంత్రానికి మిగతా చేపలు ఖాళీ చేస్తాయి.

రీలు_రాజా
నేనొకసారి పట్టా. ఒకటిన్నర కిలో. ఫోటో ఇప్పటికీ ఉంది, ఎక్కడా పెట్టలేదు.

చెరువు_కౌలుదారు
చైనా గొరకలు అయితే మా చెరువుకి రండి అకౌంటెంటు గారూ. ఆదివారం పగలు. ఎన్ని పట్టుకున్నా ఏమీ అనను. నా కౌలు లెక్కలు కూడా ఓసారి చూసి పెడుదురు గాని.

ఆయ్_బాబాయ్
అదిగో, మేత వేశాడు. గాలం ఎవరు వేశారో చూసుకో తమ్ముడూ.

లంక_కుర్రాడు
ఈ ఆదివారం మా పెద్దోణ్ణి కూడా తెచ్చా. తొమ్మిదేళ్లు. కాలవ గట్టు నుంచే టైప్ చేస్తున్నా. వాడికి రెండో కర్ర కట్టిచ్చా, మళ్లీ 80. ఇప్పటికి వైద్యంతో కలిపి 630, రెండు వేలలో ఇంకా 1370 ఉంది. ఇందాకటి నుంచి వాడు మాట్లాడకుండా చేత్తో నాకు సైగ చేస్తున్నాడు, ఎవరూ నేర్పలేదు. వాడి బెండు పడుకుంది. ఉండండి.

ఆయ్_బాబాయ్
పడుకుందంటే మోసే. లాగమను!

రీలు_రాజా
ఏం పడిందో చెప్పకుండా పోయాడేంటి?

గోదారి_గట్టు
గంటయింది.

లంక_కుర్రాడు
మోసు కాదు. ఒళ్లంతా గట్టి పెంకు, నల్ల మచ్చలు, నోరు కింద చప్పరిస్తోంది. దెయ్యం చేప. మావాడు మాత్రం ఊళ్లో ఎవరికీ పడనిది తనకి పడిందని ఎగురుతున్నాడు.

ఉప్పునీటి_మనిషి
అక్వేరియంలోంచి వచ్చిన దరిద్రం అది, కాలవలన్నీ నింపేస్తోంది. మళ్లీ నీళ్లలో వెయ్యకండి.

లంక_కుర్రాడు
వెయ్యనిచ్చేలా లేడు. బక్కెట్లో పెట్టుకుని వాళ్ల అమ్మకి చూపిస్తానంటున్నాడు.

అమలాపురం_కోడలు
సింకులో మాత్రం పెట్టనివ్వకండి.